సామాన్య భాండారములో క్రొత్త పనిముట్టు: పైథాను భాషను గూర్చిన యొక పాఠము

గణితము, వ్యాకరణము, విజ్ఞానశాస్త్రము నేర్చుకొనునట్లే నేఁడు కంప్యూటరునకు పని చెప్పు విద్యను గూడ మీలో పలువురు నేర్చుకొనుచున్నారు. ఆ విద్యకు సాధనములైన భాషలలో పైథాను అనునది మిక్కిలి ప్రసిద్ధి చెందినది. ఆ భాషను మొదలుపెట్టిన కొలఁది దినములకే లిస్టు, డిక్షనరీ, సెట్టు అను పేరులు మీ చెవిని పడియుండును. ఇవి భాషతోపాటు మనకు వెల లేకుండ లభించుచున్నవి. వీని నచ్చట నుంచిన వారెవరు? ఎప్పు డుంచిరి? ఎవరైన నొకరు మేలైన క్రొత్త పనిముట్టును కల్పించినచో దానిని వెంటనే యందఱి కొఱకు చేర్పరేల? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. కంప్యూటరు విద్య నెఱుఁగని తలిదండ్రులకు గూడ బోధపడునట్లు, కఠినమైన మాటలను విడిచి, దృష్టాంతములతో చెప్పుటకు ప్రయత్నించెదము.

1. దత్తాంశ నిర్మాణ మనఁగా నేమి?

కంప్యూటరున కిచ్చు సమాచారమునకు దత్తాంశమని పేరు. ఆ దత్తాంశమును యంత్రముయొక్క జ్ఞాపకస్థానమందు ఒక తీరున నమర్చు పద్ధతికి దత్తాంశ నిర్మాణమని పేరు. ఇంటిలో ధాన్యమును గాదెలోను, ఊరగాయను జాడీలోను, బట్టలను పెట్టెలోను ఉంచుదుము గాని అన్నిటిని ఒకే గోనెలో పోయము. వస్తువు నుంచిన తీరును బట్టియే దానిని మఱల తీసికొనుటలోని సుళువును, కష్టమును ఏర్పడును. దత్తాంశముల సంగతియు నట్టిదే.

తరగతి హాజరుపట్టీని చూడుఁడు. అందు పేరులు వరుస సంఖ్యలతో నుండును. పదునేడవ సంఖ్య యెవరిదని యడిగిన నుపాధ్యాయుఁడు వెంటనే చెప్పఁగలఁడు. పైథానులోని లిస్టు ఇట్టిది. నిఘంటువులో పదమును వెదకి దాని యర్థమును గ్రహింతుము. డిక్షనరీ యనునది యట్టిది. వార్షికోత్సవపు పోటీలలో పాల్గొనిన విద్యార్థుల పేరు లన్నియు వ్రాయుమనిన, ఒక్కఁడే నాలుగు పోటీలలో చేరినను వాని పేరు ఒకసారియే వ్రాయుదుము. సెట్టు అనునది యట్టిది. వసతిగృహమున భోజనశాల యెదుట నిలుచు వరుసలో క్రొత్తగా వచ్చినవాఁడు వెనుక చేరును, ముందున్నవాఁడు లోపలికి పోవును. ఇది మఱియొక విధమైన నిర్మాణము.

వీనిలో ఏ యొక్కటియు అన్ని పనులకు మేలైనది కాదు. లక్ష పేరులు గల లిస్టులో ఒక పేరున్నదో లేదో తెలిసికొనవలె ననిన, మొదటినుండి ఒక్కొక్క పేరుతో పోల్చి చూడవలెను. ఆ పేరు లేనేలేనిచో లక్ష పోలికలు జరుగును. సెట్టు అట్లు చేయదు. అది పేరునుండి హాష్ అను నొక సంఖ్యను గణించి, ఆ సంఖ్య చూపిన స్థానమునకు నేరుగా పోవును. సాధారణముగా ఒకటి రెండు పోలికలతోనే పని ముగియును. అయినను సెట్టులోని పదునేడవ పేరేదని యడిగినచో దానియొద్ద సమాధానము లేదు. ఏలయనఁగా అందు వరుసయే లేదు. ఒకచోట లాభము గోరినవాఁడు మఱియొకచోట కొంత విడువవలెను. ఈ సంగతిని మనస్సునం దుంచుకొనినచో ముందు చెప్పఁబోవున దంతయు సులభముగా బోధపడును.

2. భాషయు, భాండారమును

పైథాను భాషను గైడో వాన్ రోసమ్ అను విద్వాంసుఁడు నెదర్లాండ్సు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని గణిత కంప్యూటరు శాస్త్ర పరిశోధనాలయమున పని చేయుచు 1989 డిసెంబరులో ప్రారంభించి, 1991లో లోకమునకు వెల్లడించెను. భాషయొక్క వ్యాకరణము వేఱు. ఆ భాషతోకూడ పంపఁబడు సిద్ధమైన పనిముట్ల సముదాయము వేఱు. ఈ రెండవదానిని స్టాండర్డు లైబ్రరీ యందురు. మన మీ వ్యాసములో దానిని సామాన్య భాండార మని పిలిచెదము. భాషను తెచ్చుకొనిన ప్రతివానికిని ఈ భాండారము తప్పక వచ్చును. చేతిదీపమును కొనినప్పుడు దానిలోని బ్యాటరీలను గూడ అంగడివాఁడే యిచ్చినట్లు, భాషతోపాటు నిత్యావసరమైన పనిముట్లన్నియు నుండవలెనని పైథానువారు మొదటినుండి కోరిరి. అందుచేత "బ్యాటరీలతో సహా" అను మాట ఆ భాషకు బిరుదువలె నిలిచినది.

భాండారమునకు వెలుపల గొప్ప సంత యొకటి కలదు. ఎవరైనను తాము వ్రాసిన పనిముట్టును అందు ఉంచవచ్చును, కావలసినవారు తీసికొందురు. సంతలో నంగడి పెట్టుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. భాండారములో చేర్చుటకు మాత్రము విచారణ జరుగును. 2000వ సంవత్సరమునుండి ఇట్టి ముఖ్యమైన మార్పులకు పెప్ అను ప్రతిపాదన పత్రమును వ్రాయు నాచార మేర్పడినది. మార్పు ఎందులకు కావలెను, ఎట్లుండవలెను, దానివలన కలుగు చిక్కు లెవ్వి, వేఱు మార్గములు లేవా అను సంగతులన్నియు అందు వ్రాయవలెను. అందఱును చదివి యాక్షేపణలు తెలుపుదురు. 2018 వఱకు కడపటి తీర్పు గైడోది. ఆ సంవత్సరము జూలైలో ఆయన ఆ యధికారమును విడిచెను. 2019 నుండి భాషను వృద్ధిచేయువా రెన్నుకొను అయిదుగురి సభ ఆ పని చేయుచున్నది.

3. సెట్టు చేరిన విధము

మొదటి కాలమున పైథానులో సెట్టు లేదు. అది కావలసినవారు డిక్షనరీని వాడుకొని, పదముల స్థానమున పేరులు వ్రాసి, అర్థముల స్థానమున ఏదో యొక నిరర్థకమైన గుఱుతును పెట్టుచుండిరి. నిఘంటువులో అర్థములకు మాఱుగా సున్నలు చుట్టినట్లుండెడి యీ యుపాయముతో పని జరుగుచుండెనే గాని, చదువరికి ఆ ప్రోగ్రాములోని భావము స్పష్టముగా తెలియకుండెను. 2000 జూలైలో గ్రెగ్ విల్సన్ అను నాయన సెట్టును భాషలో చేర్పవలెనని ప్రతిపాదించెను. ఆ పత్రమునకు 218 అను సంఖ్య కలదు. రేమండ్ హెటింజర్ అను నాయన గూడ తరువాత దాని రచనలో చేయి కలిపెను.

ఈ కోరిక న్యాయమైనదే. అయినను సెట్టును వెంటనే భాషయొక్క గర్భగృహమునకు కొనిపోలేదు. 2003 జూలైలో వెలువడిన 2.3 సంచికలో దానిని భాండారమందలి యొక ప్రత్యేకపు అఱలో నుంచిరి. అది పైథాను భాషలోనే వ్రాయఁబడినది గనుక వేగము తక్కువ. కాని చదువుటకును, దిద్దుటకును సులభము. జనులు దానిని వాడి చూచిరి. సెట్టు నిజముగా పలువురకు కావలసినదే యని యప్పుడు స్థిరపడెను. దానిలోని కొన్ని యలంకారము లనావశ్యకము లనియు తెలిసెను. ఆ తొలి రూపములో మూఁడు జాతు లుండెడివి: మార్పదగిన సెట్టు, మార్పరాని సెట్టు, ఆ రెంటికిని మూలమైన జాతి యొకటి. మార్పదగినదానిని అవసరమైనచోట మార్పరానిదానిగా తనంతట తానే మార్చు నేర్పాటు గూడ ఉండెను. 2004 నవంబరులో వెలువడిన 2.4 సంచికలో సెట్టు భాషలోనే చేరి సి భాషలో వేగముగా పనిచేయునట్లు తిరిగి వ్రాయఁబడినప్పుడు, మూలజాతిని తీసివేసిరి. స్వయముగా మార్చు నేర్పాటును చాలవఱకు విడిచిరి. సెట్టు, ఫ్రోజెన్‌సెట్టు అను రెండు మాత్రమే నిలిచినవి. తొలి ప్రయత్నమువలన నేర్చిన పాఠములనుబట్టియే వీనిని కల్పించితిమని ఆ భాషాకర్తలు తమ వివరణ గ్రంథమందు వ్రాసికొనిరి.

ఇందు మఱియొక విశేషము కలదు. సెట్టును వ్రాయుటకు మీసాల కుండలీకరణములను వాడవలెనని గణితము నేర్చినవారి కోరిక. 2008లో వెలువడిన 3.0 సంచికనుండి అట్లు వ్రాయుటకు వీలు కలిగినది. కాని లోపల నేమియు లేని ఆ కుండలీకరణముల జత అప్పటికే ఖాళీ డిక్షనరీకి గుఱుతుగా స్థిరపడియుండెను. దానిని మార్చినచో లోకమందలి లెక్కలేనన్ని ప్రోగ్రాములు చెడిపోవును. కావున నేఁటికిని ఖాళీ సెట్టు కావలసినవాఁడు దానిని పేరు పెట్టి పిలువవలసినదే. ముందు వచ్చి కూర్చున్నవాని పీటను తరువాత వచ్చిన చుట్టమున కిచ్చుటకు వీలులేకపోయెను.

4. రెండు తలల వరుస

అదే 2.4 సంచికలో డెక్ అను మఱియొక నిర్మాణము చేరినది. దీని యావశ్యకతను ఒక చిన్న లెక్కతో చూపవచ్చును. భోజనశాల వరుసను లిస్టుగా నమర్చితి మనుకొనుఁడు. ముందున్నవానిని పంపఁగా మిగిలినవా రందఱును ఒక్కొక్క స్థానము ముందునకు జరుగవలెను. వరుసలో 1,000 మంది యున్నచో మొదటివాఁడు పోయినప్పుడు 999 జరుపుళ్లు, రెండవవాఁడు పోయినప్పుడు 998, ఇట్లు అందఱును పోవునప్పటికి మొత్తము 4,99,500 జరుపుళ్లు. వేయిమందిని పంపుటకు ఇంచుమించు అయిదు లక్షల జరుపుళ్లు! కంప్యూటరు మిక్కిలి వేగము గలది గనుక చిన్న వరుసలలో ఈ నష్టము కనఁబడదు. వరుస పెరిగినకొలఁది నష్టము దాని వర్గముగా పెరుగును.

డెక్ ఈ నష్టమును తొలఁగించును. అందు దత్తాంశములు చిన్న చిన్న దిమ్మెలుగా నుండి, ఒక దిమ్మె తన ముందుదానిని, వెనుకదానిని చూపుచు గొలుసువలె నుండును. ఏ కొననైనను చేర్చుటకును, తీయుటకును ఇతరులను జరుపవలసిన పని లేదు. వరుస యెంత పొడవైనను పని యొక్కటే. కాని నడుమనున్న యేఁబదివేలవ వానిని పిలువుమనిన డెక్ ఆ గొలుసు వెంబడి నడిచి పోవలెను. లిస్టు అయినచో వెంటనే చూపును. అందుచేత డెక్ వచ్చి లిస్టును తొలఁగింపలేదు. దాని ప్రక్కన నిలిచినది. 2008లో దానికి హద్దు నేర్పఱచు వీలును గలిగించిరి. పది మాత్రమే యుంచుమని చెప్పినచో, పదునొకండవది వచ్చినప్పుడు రెండవ కొననున్నది తనంతట జాఱిపోవును. కడపటి పది పంక్తులను మాత్రము దాఁచుకొను పనికి ఇది మిక్కిలి యుపయోగకరము.

ఈ విధముగానే లేని పదమును వెదకినప్పుడు దానికి తగిన మొదటి విలువను తానే కల్పించు డిఫాల్టుడిక్టు 2006లోను, అంశములకు పేరులు గల నేమ్డ్‌టపుల్ 2008లోను, ఏ వస్తు వెన్నిసారులు వచ్చినదో లెక్కించు కౌంటరు 2009లోను భాండారమున చేరినవి.

5. అంగీకారము పొందని ప్రతిపాదన

చేరినవాని కథలే చెప్పి ఊరకుండుట న్యాయము గాదు. 2007లో డేనియల్ స్టట్జ్‌బాక్ అను నాయన బి-లిస్టు అను నిర్మాణమును ప్రతిపాదించెను. సాధారణమైన లిస్టులో నడుమ నొక వస్తువును దూర్చినచో దాని వెనుకనున్న వన్నియు జరుగవలెను గదా. బి-లిస్టులో దత్తాంశములు చెట్టు కొమ్మలవలె శాఖోపశాఖలుగా నుండును గావున లక్షల సంఖ్యలో నున్నను కొలఁది మెట్లతోనే పని ముగియును. అప్పుడు సిద్ధమగుచుండిన 3.0 సంచికలో పాత లిస్టునకు మాఱుగా దీని నుంచవలెనని ఆయన కోరెను.

ఈ పనిముట్టు మంచిదే. అయినను ప్రతిపాదన నిరాకరింపఁబడెను. రేమండ్ హెటింజర్ చెప్పిన కారణములు ఇవి. పాత లిస్టు లోపలి యేర్పాటు సరళమైనది గనుక సి భాషలో వ్రాయువారు దానితో సులభముగా వ్యవహరింతురు. చిన్న లిస్టులకు అది తక్కువ చోటు పట్టును. నిత్యము జరుగు పనులలో దాని వేగము బాగుగా నున్నది. ఏ పనికి ఎంత కాలము పట్టునో సామాన్యుఁడు గూడ ఊహింపఁగలఁడు. బి-లిస్టు అరుదుగా జరుగు పనులలో గొప్ప లాభము నిచ్చును గాని, దానికొఱకు నిత్యకృత్యములలో కొంచెము నష్టమును మోపును. ప్రోగ్రాములలో పుట్టి గిట్టు లిస్టులలో అధికభాగము చిన్నవే గదా. కొందఱి మేలుకొఱకు అందఱి మీఁదను పన్ను వేయుట తగదని తీర్పు.

కాని ఆ తీర్పులో తలుపు మూయలేదు. లిస్టునకు మాఱుగా కాక, ప్రత్యేక నిర్మాణముగా సంతలో నది యాదరణ పొందినచో, నిజమైన పనులలో దాని యాధిక్యము తేలినచో, భాండారములో చేర్చుటను గూర్చి మఱల నాలోచింపవచ్చు నని చెప్పిరి. ఆ గ్రంథకర్త దానిని ప్రత్యేకముగా ప్రకటించెను. పెద్ద లిస్టులతో పని గలవారికి అది యందుబాటులోనికి వచ్చెను. భాండారమున స్థానము దొరకనంత మాత్రమున మంచి పని వ్యర్థము కాదు. పరీక్షలో మొదటి తరగతి రాని విద్యార్థియు ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనవచ్చును.

6. క్రమము తప్పని డిక్షనరీ

పాత డిక్షనరీలో పదములు వచ్చిన క్రమము నిలువకుండెను. మొదట వ్రాసినది కడపటను, కడపట వ్రాసినది నడుమను కనఁబడవచ్చును. పట్టికల వరుసలకును, అమరికల దస్తరములకును క్రమము ముఖ్యము గనుక, పలువురు తమకు తోచిన రీతిని క్రమము గల డిక్షనరీలను కల్పించుకొనుచుండిరి. అవి యొకదానితో నొకటి పొసఁగకుండెను. 2008లో ఆర్మిన్ రోనాకర్ అను నాయన దీనికి ప్రతిపాదన వ్రాయఁగా, రేమండ్ హెటింజర్ సహాయముతో అది నెఱవేరి, 2009 జూన్‌లో వెలువడిన 3.1 సంచికలో ఆర్డర్డ్‌డిక్టు అను పేరున చేరెను.

ఇట్టి దానిని చేర్చునప్పుడు ఎంతటి చిన్న సంగతిని గూడ ముందుగా నిర్ణయింపవలెనో గమనింపుఁడు. ఉన్న పదమునకే క్రొత్త యర్థము వ్రాసినచో అది తన పాత స్థానమందే యుండవలెనా, కడపటికి పోవలెనా? పాత స్థానమందే యుండవలెనని నిర్ణయించిరి. దానిని తీసివేసి మఱల వ్రాసినచో? కడపటికి పోవును. రెండు డిక్షనరీలలో పదములు, అర్థములు ఒక్కటియే యై క్రమము మాత్రము వేఱైనచో అవి సమానములా? క్రమము గలవి రెండైనచో సమానములు కావు. ఒకటి సామాన్యమైన డిక్షనరీ యైనచో సమానములే. ఒకసారి యిచ్చిన సమాధానమును పిమ్మట మార్చుటకు వీలులేదు. కావున చర్చకు కాలము పట్టుట సహజము.

ఈ కథకు అనుకొనని ముగింపు కలదు. పాత డిక్షనరీ లోపల అనేకములైన గదులుండి, వానిలో మూఁడవ వంతుకు తక్కువ కాకుండ ఖాళీగా నుండెడివి. ఒక్కొక్క గది పెద్దది. అందు హాష్ సంఖ్యకు, పదమునకు, అర్థమునకు చోటుండెను. అనఁగా ఖాళీ గదులవలన చోటు చాల వృథా యగుచుండెను. గ్రంథాలయములో పుస్తకములను వచ్చిన వరుసనే బీరువాలో నెడము లేకుండ పేర్చి, ఏ పుస్తక మెచ్చట నున్నదో చిన్న చీటీల పెట్టెలో వ్రాసియుంచినచో బీరువా వృథా కాదు గదా. ఈ యాలోచనతోనే డిక్షనరీని తిరిగి నిర్మించిరి. 2016 డిసెంబరునాటి 3.6 సంచికలో ఇది యమలులోనికి వచ్చెను. అంతకు ముందటి 3.5 సంచికతో పోల్చఁగా నూటికి 20 నుండి 25 వంతుల వఱకు చోటు తగ్గినది. చోటుకొఱకు చేసిన యీ పనివలన, వచ్చిన వరుస నిలుచుట యను రెండవ లాభము తనంతట తానే కలిగెను.

అప్పుడు ఆ భాషాకర్తలు తొందరపడలేదు. "క్రమము నిలుచుచున్నది గాని దీనిని నమ్ముకొనవలదు, ముందు మాఱవచ్చును" అను భావముతో హెచ్చరించిరి. ఏఁడాదిన్నర గడచి, చిక్కులు లేవని తెలిసిన పిమ్మట 2018 జూన్‌నాటి 3.7 సంచికలో క్రమము తప్పదని మాట యిచ్చిరి. జరుగుచున్న సంగతి వేఱు. జరుగునని యిచ్చు మాట వేఱు. మొదటిది నేఁటి స్థితి, రెండవది రేపటికి ఋణము. మఱి ఆర్డర్డ్‌డిక్టు ఏమయ్యెను? దాని పని చాలవఱకు సామాన్య డిక్షనరీయే చేయుచున్నను, సమానత్వపు నియమమువంటి దాని ప్రత్యేక గుణములను నమ్మినవారుండుటచేత అది నేఁటికిని భాండారములో నున్నది.

7. తీసివేయుట యెంత కష్టము!

జావా అను భాష 1996లో వెలువడినప్పుడు స్టాకు అను నిర్మాణము దాని భాండారములో నుండెను. కంచముల దొంతరవలె కడపట పెట్టినదానిని ముందుగా తీయుట స్టాకుయొక్క ధర్మము. కాని జావాలో దానిని వెక్టరు అను మఱియొక నిర్మాణమునుండి పుట్టించిరి. అందుచేత దొంతర నడుమ కంచమును దూర్చుటకును, నడుమనుండి లాగుటకును దానిలో వీలుండెను. ఇది దాని ధర్మమునకే విరుద్ధము. 2006లో వెలువడిన ఆఱవ సంచికలో మేలైన నిర్మాణములు వచ్చినవి. స్టాకునకు బదులు వానినే వాడుఁడని వివరణ గ్రంథము చెప్పుచున్నది. అయినను పాత స్టాకు అచ్చటనే యున్నది. దానిని తీసివేసినచో ఎక్కడనో ఒక బ్యాంకులో, ఒక వైద్యశాలలో ఏండ్ల క్రిందట వ్రాసిన ప్రోగ్రాము నిలిచిపోవచ్చును. దానిని వ్రాసినవాఁ డిప్పు డచ్చట లేకపోవచ్చును. దానివలన బాధపడువారికి స్టాకు అను పేరైనను తెలియకపోవచ్చును.

పైథానువారు అప్పుడప్పుడు తీసివేయు సాహసము చేసిరి. 2008లో వెలువడిన 3.0 సంచికలో పాతవానిని పలువిధముల మార్చిరి. పాత రెండవ సంచికల పోషణ 2020 జనవరి 1న గాని ముగియలేదు. పదునొకండు సంవత్సరములకు పైగా రెండు మార్గములు ప్రక్కప్రక్కన సాగినవి. మఱల 2024 అక్టోబరునాటి 3.13 సంచికలో, వాడుక తప్పిన 19 పాత విభాగములను తొలఁగించిరి. అవి దత్తాంశ నిర్మాణములు గావు. పాతకాలపు ధ్వని దస్తరములను చదువుట మొదలగు పనుల కేర్పడినవి. వానికి "జీవము పోయిన బ్యాటరీలు" అని పేరు పెట్టిరి. ఇవి పోవుచున్నవని ముందటి సంచికలలోనే హెచ్చరించి, వేఱు మార్గములు చూపి, గడువిచ్చిన పిదపనే తొలఁగించిరి. తొలఁగించుటలో గూడ మర్యాద యున్నది.

8. చేర్చుటకు ముందు విచారింపవలసినవి

పై చరిత్రనుబట్టి క్రొత్త నిర్మాణమును చేర్చుటకు ముందు విచారింపవలసిన సంగతులను ఇట్లు చెప్పవచ్చును.

మొదటిది, ఆవశ్యకత. పలువురు ఇప్పటికే దానిని తమ తమ రీతుల కల్పించుకొనుచున్నారా? సెట్టు, ఆర్డర్డ్‌డిక్టు అట్టివి. రెండవది, ఉన్నవానితో పని జరుగదా? రెండు మూఁడు పంక్తులలో చేసికొనఁగలదానికి క్రొత్త పేరు నేర్పుట విద్యార్థికి భారమే. మూఁడవది, రూపము స్థిరపడినదా? భాండారము ఏఁడాది కొకసారి మాత్రమే క్రొత్త సంచికతో వెలువడును. సంతలోని వస్తువు వారమున కొకసారియైనను మాఱవచ్చును. ఇంకను మాఱుచున్నదానిని లోపలికి తెచ్చినచో దాని యెదుగుదల నిలిచిపోవును. నాలుగవది, దాని లాభనష్టములు సామాన్యునకు బోధపడునా? ఐదవది, పోషించువా రెవరు? వ్రాసినవాఁడు విడిచిపోయిన పిమ్మట తప్పులు దిద్దుటకును, వివరణ వ్రాయుటకును, పరీక్షించుటకును ఒకరుండవలెను. పైథానును పోషించువారిలో పలువురు జీతము లేక తమ తీరిక కాలమును ఇచ్చు సేవకులు. వారి భుజములపై బరువు పెట్టునపుడు ఆలోచించుట ధర్మము. గోపురము కట్టఁబూనినవాని యుపమానము మీరు మన ప్రార్థనకూటములలో వినియే యుందురు.

9. ముగింపు

విద్యార్థులారా! మీలో ఎవరైన నొకనాఁడు ఇట్టి భాండారమునకు మీ చేతిపనిని తేవచ్చును. అప్పుడు "ఇది యెంత చమత్కారముగా నున్నది!" అని కాక, "దీనిని నమ్ముకొనినవారికి నేను పది యేండ్లు మాట నిలుపుకొనఁగలనా?" అని ప్రశ్నించుకొనుఁడు. పదిమంది త్రావు బావిలో నీరు చేదుకొనుట సులభము. దానిని ఏఁటేఁట పూడిక తీసి కాపాడుట కష్టము. ఊరిలోనివారు కాపాడువానినే జ్ఞప్తియం దుంచుకొందురు. మీరు ఉచితముగా వాడుకొనుచున్న ప్రతి చిన్న పనిముట్టు వెనుకను, అడిగినవారి యోపికయు, కాదనినవారి వివేకమును, కాపాడుచున్నవారి శ్రమయు నున్నవని తెలిసికొని కృతజ్ఞత గలవారై యుండుఁడు.

అభ్యాసము

1. పాఠశాల గ్రంథాలయములో ఏ పుస్తక మెవరియొద్ద నున్నదో తెలుపుటకు ఏ నిర్మాణము తగును? కారణము వ్రాయుము.

2. లక్షమంది గల వరుసను లిస్టుగా నమర్చి, ముందునుండి అందఱిని ఒక్కొక్కరిగా పంపినచో మొత్త మెన్ని జరుపుళ్లు కావలెను? డెక్ అయినచో ఎన్ని?

3. నీవొక క్రొత్త నిర్మాణమును కల్పించితివనుకొని, పైన చెప్పిన ఐదు సంగతులనుబట్టి దానిని భాండారములో చేర్చుటకు అనుకూలముగా నొక పేరాయు, ప్రతికూలముగా నొక పేరాయు వ్రాయుము. రెండవ పేరాను మొదటిదానికంటె నెక్కువ శ్రద్ధతో వ్రాయుము.